క్లచ్ పోతే బండి అమ్మేస్తారా?

నాన్న మోకాలి ఆపరేషన్ అయి మంచం మీదుండగానే చిన్నాన్న మా వ్యాను అమ్మకానికి పెట్టాడు. మా దీవిలో ఫెరార్‌గంజ్ పల్లెలో కూరగాయలు ఎక్కించుకుని, పట్నంలో మిడిల్ పాయింట్ దుకాణాల్లో దించే బండి అది. ఇకమీదట దాన్ని నేను నడుపుతానని అప్పటికే ఇంట్లో చెప్పేశాను. ఆడపిల్ల స్టీరింగ్ పడితే పరువు పోతుందని చిన్నాన్న గోల. ఎవరి పరువో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కొనేవాడు డైరీ ఫార్మ్ పేటలో మా ఇంటి ముందుకే వచ్చాడు. ఎంతకు పోయినా సరే, నా చేతికి రాకుంటే చాలన్నట్టు చిన్నాన్న అతనికి బండి చూపిస్తున్నాడు.

"గేర్ బాక్స్ ఖతమ్, భయ్యా. ఇంజన్ అరుస్తాది గానీ బండి ఎత్తు ఎక్కదు. స్పేరు సామాను షిప్పులో ఎప్పుడొస్తాదో ఏటో! తుక్కు కింద పట్టుకుపో."

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు నాన్న బండి కింద దూరితే పక్కనే నేనూ దూరేదాన్ని. ఇంజన్ తిరుగుడు నేరుగా చక్రాలకు పోదు. ముందు క్లచ్ ప్లేటు దాన్ని అదిమి పట్టుకోవాలి. అప్పుడు గేర్ బాక్స్ ఎత్తులో బలాన్ని, చదునులో వేగాన్ని ఇస్తుంది. అక్కణ్నుంచి బండి పొట్ట కింద పొడుగాటి షాఫ్టు ఆ తిరుగుడును వెనక్కి మోసుకెళ్లి డిఫరెన్షియల్‌కు అప్పగిస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి, అది రెండు చక్రాలనూ వాటి వాటి వేగంతో తిరగనిస్తుంది. చివర చక్రాలను తిప్పే యాక్సిళ్లు. మొదటి పట్టే జారిపోతుంటే వెనకవాటిని తిట్టడం ఏం న్యాయం?

ఆ పట్టు ఎందుకు జారుతోందో కూడా నాకు తెలుసు. బండ్లను పాయ దాటించే ఫెర్రీ కోసం జెట్టీ వాలులో వరసకట్టినప్పుడు మావాళ్లు హ్యాండ్ బ్రేక్ వేయరు. ముందు బండి కదలగానే దూరిపోవాలని, సగం తొక్కిన క్లచ్ మీదే బండిని నిలబెడతారు. నాన్న మంచం పట్టినప్పటి నుంచి చిన్నాన్న చేస్తున్నది అదే. ప్లేటు రాసుకుని రాసుకుని కాలక ఏమవుతుంది?

"గేర్ బాక్స్ కాదు చిన్నాన్నా, క్లచ్."

"నీకేటి తెలుసే గుంటా? పక్కకెళ్లు."

పక్కకెళ్లలేదు. బండెక్కాను. తాళం దానికే ఉంది. స్టార్ట్ చేసి గేర్లన్నీ ఒక్కొక్కటే వేశాను, ఒక్కటీ కిర్రుమనలేదు. తర్వాత హ్యాండ్ బ్రేక్ బిగించి, టాప్ గేరులో పెట్టాను.

"ఇప్పుడు క్లచ్ వదిలేస్తన్నాను. ప్లేటు బాగుంటే ఇంజన్ టక్కున ఆగిపోవాల. సూడండి!"

ఆగలేదు. ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. కాలిన కంపు గుప్పుమంది.

"అరే, క్లచ్ హీ గయా హై," పోయింది క్లచ్చేనంటూ కొనేవాడు నవ్వేశాడు.

"కాల్చింది నువ్వే చిన్నాన్నా. ప్లేటు మారుస్తాం. బండి అమ్మం."

చిన్నాన్న మొహం మాడిపోయింది. "మారిస్తే? నడిపేవోడేడీ?"

"నేనే."

"ఇన్నావా అన్నయ్యా, దీని మాటలు!" అని కిటికీ వైపు అరిచాడు.

లోపలి నుంచి నాన్న గొంతు నింపాదిగా వచ్చింది. "ఇన్నాన్రా. ముందు ఇంజన్ ఆపమను. తాళం దాని దగ్గరే ఉండనీ."

ఇంజన్ ఆపాను. తాళం తీసి, చిన్నాన్న కళ్లముందే నడుముకు దోపుకున్నాను. ఆ తర్వాత అతను దాన్ని అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.