పంచి పేర్చిన దిమ్మలు

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక ఉన్న ఆ గోదాము ఒకప్పుడు మాది. తాతగారు కట్టించారు, నాన్నగారి కాలంలో చేయి దాటింది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో, దారిలో చెడిన సందేశాలను సరిదిద్దే కోడింగ్ థియరీ చెబుతాను. గోదాములో తేమ ఎంతుందో తన కొట్టుకు రేడియోలో తెలియాలని ఇప్పటి యజమాని అడిగితే ఒప్పుకున్నాను. పని అయ్యేదాకా ఆయన వేసిన కుర్చీలో కూర్చోకూడదని మాత్రం అనుకున్నాను.

నా కోడ్ మీద నాకు అనుమానం లేదు. ఎనిమిది తేమ అంకెలను ఒక బీజగణిత సమీకరణంలో ఇమిడ్చి, దాని నుంచి మరో నాలుగు పుట్టించి, పన్నెండూ కలిపి పంపుతాను. దారిలో ఏ రెండు చెడినా మిగిలిన పదీ ఆ సమీకరణాన్ని పట్టిస్తాయి. చెడినవి మళ్లీ సరైన రూపంలో వస్తాయి.

కానీ బెల్లం దిమ్మలు పైకెత్తే మోటారు వేయగానే సందేశాలన్నీ పాడయ్యాయి.

"మోటారు ఏసీసరికి మీ లెక్కలు బెదిరిపోతన్నాయేటి మాస్టారూ?" అన్నారు యజమాని. సాయంత్రంలోగా కుదరకపోతే నేను బిగించిన రేడియో డబ్బాలు విప్పేసి, మునుపటిలా తేమ చూసి రావడానికి మనిషినే పంపుకుంటానన్నారు. ఆ గుమ్మంలోంచి ఓడిపోయి బయటికి నడవడం నా వల్ల కాదు.

వచ్చిన అంకెలు తిరగేశాను. కాలేజీలో పరీక్ష కోసం నేను కల్పించిన రేడియో రొద అక్కడొకటి, ఇక్కడొకటి చెడగొట్టేది. ఈ మోటారు వరుసగా ఆరేసి మింగుతోంది.

తాతగారి దగ్గర పనిచేసిన ముసలి కలాసీ ఇంకా అక్కడే మూటలు మోస్తున్నాడు. ఏమైందని అడిగాడు. దెబ్బంతా ఒక్కచోటే తగులుతోందని చెప్పాను. అతను పైకప్పు వైపు చూశాడు.

"మీ తాతగారు ఒక రైతు బెల్లం ఒక్క సోట పేర్సనిచ్చీవోరా బాబూ? వరసకి నాలుగు దిమ్మలేసి పంచీమనీవోరు. ఏ మూల వాన కారినా ఒక్కడి సరుకే నీరైపోకూడదని."

అది నేను ఏటా పాఠం చెప్పే విషయమే. పరీక్షల్లో ప్రశ్నగా కూడా ఇచ్చాను. మా గోదాములో నిలబడి మరిచిపోయాను.

నాలుగు సందేశాలను నాలుగు వరుసలుగా రాసి, వరుసకొక అంకె చొప్పున తీసి పంపేలా మార్చాను. ఇక మోటారు ఆరింటిని మింగినా, ఏ సందేశంలోనూ రెండుకు మించి పోవు. ఆ రెండింటినీ నా సమీకరణం తెచ్చిస్తుంది.

మోటారు నేనే వేయమన్నాను. కొట్టు నుంచి అంకెలందే యజమాని ఫోనులోనూ గోదాము గోడకున్న తేమ మీటరులోనూ ఒకే అంకెలు కనిపించాయి. ఆయన మరో రెండుసార్లు వేయించి చూసి, కుర్చీ నా వైపు జరిపారు.

కూర్చున్నాను. కలాసీకీ ఒకటి వేయించమన్నాను. వేయించారు.