మైకు ఇవ్వొద్దన్న టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు శనివారం పొద్దున నా ఫోన్‌లోకి ఒక బొమ్మగా వచ్చింది. చుట్టూ తెల్ల లిల్లీ పూలు, మధ్యలో ఆమె ఫోటో, కింద బంగారు రంగు అక్షరాలు. ‘మత్తులో మునిగిన యువతను వెలుగులోకి నడిపించిన మా సంఘపు ఆణిముత్యం ప్రభువునందు నిద్రించెను.’ పంపింది మదనపల్లెలో ఆమె వెళ్ళే చర్చి సంఘం కమిటీ. నాకు ఏడుపు రాలేదు. ముందు ఒళ్ళు మండింది. ఆణిముత్యమట! బతికున్నప్పుడు ఆమె చేతిలోంచి గది తాళం లాక్కున్న మనుషులు, పోయిన మర్నాడే ముత్యాన్ని కనిపెట్టారు.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గురువారం సాయంత్రం మందుకూ గంజాయికీ అలవాటుపడిన పిల్లలనూ, వాళ్ళ ఇంటివాళ్ళనూ సంఘం ఇచ్చిన ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించేది, ప్రార్థన చేయించేది. అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం కుప్పం కూడా పోయేది. అక్కడి పిల్లలు చాలామంది రైల్లో బెంగళూరుకు పనికి పోయి వస్తుంటారు. జీతం అందిన రోజు రైలు దిగినవాడు ఇంటికి చేరేలోపల ఏమవుతాడో తల్లులకే తెలుసు. వాళ్ళ కోసం అంత దూరం బస్సులో ఊగుతూ పోయేది. డబ్బా నిండా బొరుగుల ఉండలు మాత్రం మరిచేది కాదు. “మందు మానిన నోరు తీపి అడుగుతాది, పెట్టండి” అనేది. ఆమె కాఫీ కూడా అంతే, పాకం తాగినట్టుండేది.

నాది పుంగనూరు. బట్టలు కుడతాను. మావాడు డిప్లొమా చదివి బెంగళూరులో కంపెనీలో చేరి, ఆ పని పోగొట్టుకుని ఇంటికి వచ్చి పడ్డప్పుడు నాకు టీచరమ్మ తెలిసింది. పళ్ళు తోముకోకముందే వాడికి మందు కావాలి. సరిహద్దు పక్కనే కాబట్టి కర్ణాటక మందు ప్యాకెట్లు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి. చొక్కా జేబులో పట్టేంత ఉంటుంది ఒక్కోటి. ఎవరో చెబితే ఆమె ఇల్లు వెతుక్కుంటూ మదనపల్లె పోయాను.

మా విశ్వాసుల ఇళ్ళలో ఒక సీసా ఉంటుంది. పెద్ద కూటాల్లో ప్రార్థన చేసి ఇచ్చే నూనె. తలకు రాయాలి, రాస్తే చెడ్డ అలవాటు నుంచి విడుదల. తాగే పిల్లలు రాయించుకుంటారా? అందుకని మా తల్లులం దాన్ని గుట్టుగా చారులో కలిపి పెడతాం. ఇది మా దగ్గర మామూలే. నేను ఈ సంగతి గొప్పగా చెప్పాను, నా విశ్వాసం చూసి మెచ్చుకుంటుందేమోనని.

“తలకి రాసే నూనె సార్లో పొయ్యమని నీకెవురు సెప్పినారమ్మా?” అంది. “వాడికి విడుదల రాదు, విరేచనాలు వస్తాయి.”

 ఆమె అంతటితో ఊరుకోలేదు.

“ఇంట్లో ఎవురెవురికి తెలుసు?”

“నాకూ, మా ఆయనకూ.”

“మీ వీధిలో?”

“జరమని సెప్పినాను టీచరమ్మా.”

“ఎన్ని దినాలు ఉంటాదమ్మా ఒక మనిషికి జరం? తాగేది వాడి నోరు. దాసేది నీ నోరు. ముందు నీ నోరు బాగుసేద్దాం, కూసో.”

బడిలో ఆమె పుస్తకంలా మాట్లాడేదట. మాతో మాత్రం మా మాటే. పైగా ఓదార్చడం ఆమెకు రాదు. తిట్టడమే వచ్చు. ఎవరి పిల్లవాడినీ దగ్గరకు తీసుకుని తల నిమరగా నేను చూడలేదు. “తినొచ్చినావా? అబద్ధం సెప్పకు, మొగం సూస్తే తెలుస్తాండాది” అని గదమాయించి చేతిలో ఉండ పెట్టేది. అంతే ఆమె ప్రేమ.

ఒకసారి మావాడు వాళ్ళ నాన్నతో గొడవపడి, పంతానికి మందు పూర్తిగా ఆపేశాడు. రెండో రోజుకు చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, గోడ మీద లేని చీమలు పాకుతున్నాయని అరుపులు. మా వీధి చివర ప్రార్థనలు చేసే ఒకాయన ఉన్నాడు. ఇది దయ్యమేనని తేల్చి, నలుగురిని వెంటేసుకుని వచ్చి వాడి చెవి దగ్గర చప్పట్లు కొడుతూ గద్దించడం మొదలుపెట్టాడు. నేను టీచరమ్మకు ఫోన్ చేశాను. దొరికిన బస్సెక్కి వచ్చేసింది. గడప దగ్గరే మొదలుపెట్టింది.

“దయ్యం కాదప్పా, వణుకు. అలవాటైన ఒంటికి ఉన్నట్టుండి మందు ఆపితే ఇట్లే అవతాది. ప్రాణం మీదికొస్తాది. ఆటో పిలవండి, ఆస్పత్రికి పోవాల.”

“నీకు విశ్వాసం లేదా అమ్మా?” అన్నాడాయన.

“ఉండాది కాబట్టే తీస్కపోతాండా. నువ్వూ ఎక్కు, ఆటోలో ప్రార్థన సెయ్యి. అరవకుండా సెయ్యి, పిల్లోడికి తల పగిలిపోతాండాది.”

ఆయన ఎక్కలేదు. దారంతా ఆమే ప్రార్థన చేసింది, పెదాలు కదిలీ కదలనట్టు. మావాడు ఆమె చీర కొంగు పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు ఇంకొంచెం ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి ఉండేవన్నాడు. ఇంటికి వచ్చాక వాడు గురువారాలకు పోవడం మొదలుపెట్టాడు, మెల్లగా మందు మానాడు. ఆ వీధి చివరాయన ఇప్పటికీ ఆ దయ్యాన్ని తానే వెళ్ళగొట్టానని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ!

ఇక అసలు సంగతికి వస్తాను. మా సంఘాల్లో ఒక అలవాటుంది. తాగుడు మానిన పిల్లవాడు ఒకడు దొరికితే చాలు, ఉజ్జీవ కూటాలనే పెద్ద ప్రార్థన సభల్లో వేదిక ఎక్కించి మైకు చేతికిస్తారు. సాక్ష్యం చెప్పాలి. ఇన్ని పాపాలు చేశాను, అమ్మను కొట్టాను, ఇప్పుడు విడుదల పొందాను అని. జనం హల్లెలూయ అంటారు, చప్పట్లు కొడతారు, పెద్దలు శాలువా కప్పుతారు, వీడియో అన్ని ఫోన్లకూ పోతుంది. టీచరమ్మకు ఇది గిట్టేది కాదు. కమిటీతో మొహమాటం లేకుండా చెప్పేది.

“మానినోడికి మైకు ఇయ్యొద్దండయ్యా. ‘మానేసినా’ అని మైకులో అరిసినోడు, రేపు మళ్ళా మందులో పడితే ‘పడినా’ అని ఎవురికి సెప్పుకుంటాడు?”

పిల్లలకు మాత్రం ఒకే మాట చెప్పేది. “పడితే ఫస్టు నాకు ఫోన్ సెయ్యి. ప్రభువుకి సెప్పే పని లేదు, ఆయన సూసేసింటాడు.” ఎంతమంది చేసేవారో! తిట్లు తినేవారు, మళ్ళీ గురువారం వచ్చేవారు.

పెద్దపంజాణి నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. టైల్స్ పని చేసేవాడు. నెమ్మదైన మనిషి, నా పక్కన కూర్చున్న రోజు మాట్లాడకుండా నా సంచిలోని కత్తెర సానబెట్టి ఇచ్చాడు. వాడు మానేసి కొంతకాలమైంది. టీచరమ్మ కుప్పంలో ఉన్న ఒక ఆదివారం, కమిటీ వాళ్ళు వాణ్ణి కూటాల వేదిక ఎక్కించారు. సాక్ష్యం, శాలువా, వీడియో అన్నీ అయ్యాయి. ఊరంతా చూసింది. ఆ తర్వాత ఎప్పుడో వాడు పడ్డాడు. పడటం వింత కాదు, మా గురువారం కూడికలో పడని వాళ్ళెవరు? కానీ వాడు చెప్పలేకపోయాడు. గురువారాలు రావడం మానేశాడు. టీచరమ్మ వాళ్ళింటికి పోతే తల్లి గుమ్మంలోనే నిలబడి “ఊర్లో లేడమ్మా” అంది. లోపల దగ్గు వినిపించిందని టీచరమ్మ నాతో చెప్పింది. దాచి దాచి తాగి, ఒకరోజు పొద్దున వాడు లేవలేదు.

సమాధి దగ్గరకు కమిటీ వాళ్ళు తెల్లబట్టల్లో వచ్చారు. అందరూ మట్టి వేస్తుంటే టీచరమ్మ వాళ్ళ ముందుకు పోయి నిలబడింది.

“శాలువా తెచ్చినారా? ఆ పొద్దు కప్పినారు కదా. ఈ పొద్దు గూడా కప్పండి.”

 ఆ వారమే గది తాళం అడిగారు. కూడికకు వచ్చేవాళ్ళ వల్ల సంఘం పేరు పాడవుతోందట, మర్యాదస్తులు రావడానికి జంకుతున్నారట. ఆమె తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది. అప్పటి నుంచి గురువారాలు ఆమె ఇంటి వసారాలోనే. బయట టమాటా లారీలు మోత మోగిస్తూ పోతుంటే ఆమె ఇంకా గట్టిగా అరిచి మాట్లాడేది.

టీచరమ్మ మీద కూడా నాకు కోపం ఉంది. రాయకుండా ఎందుకు ఉండాలి? గుండెలో నొప్పి అంటే డాక్టరు ఆస్పత్రిలో చేరమన్నాడట. కుప్పం పోయి వచ్చాక చూద్దామందట. ఈ సంగతి సమాధి చేసిన రోజు ఆమె చెల్లెలు చెబితే తెలిసింది. దాచొద్దు, దాచొద్దు అని మా ప్రాణాలు తోడిన మనిషి, తన నొప్పి మాత్రం మాలో ఒక్కరికీ చెప్పలేదు. ఇదేం న్యాయం టీచరమ్మా? నువ్వు ఫోన్ చేసి చెప్పుకునే దిక్కు మేము కాకపోయామా?

ఆ తర్వాత రెండు రోజులకు కమిటీ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఆదరణ కూడిక పెడుతున్నారు. చనిపోయిన వాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి మేము పెట్టుకునే కూడిక అది.

“టీచరమ్మ గారి జ్ఞాపకంగా మీవాడి సాక్ష్యం పెట్టుకుందామమ్మా. ఆయమ్మ కష్టానికి ఫలం కదా.”

“ఆయమ్మ యాల ఒద్దనిందో మీకు తెలీదా అయ్యా? పెద్దపంజాణి మర్సిపోయినారా?”

“అది దేవుని సిత్తమమ్మా.”

“మీరు సేసింది గూడా దేవుని మీదికే తోస్తారా? పోయి రండయ్యా. నా కొడుకుని ఇయ్యను.”

మావాడు లోపలి నుంచి వచ్చాడు. “నేను మాట్లాడతానయ్యా” అన్నాడు.

ఆయన పోయాక నేను వాణ్ణి తిట్టని తిట్టు లేదు. నా భయం ఒక్కటే. ఇప్పుడు శాలువా కప్పించుకుంటాడు, రేపు పడతాడు, పడి నాకు చెప్పలేడు. నేను ఆ పెద్దపంజాణి తల్లిలాగా గుమ్మానికి అడ్డం నిలబడి ఊర్లో లేడని చెబుతుంటాను, ఆ తర్వాత ఒకరోజు వాడు లేవడు.

“నిన్ను సంపుకోలేనురా” అన్నాను.

“ఒక్కసారి నమ్మమ్మా” అన్నాడు.

కూడిక రోజు చర్చి నిండిపోయింది. వసారాలోకి ఎన్నడూ తొంగిచూడని వాళ్ళు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. నేను వెనక ఉన్నాను. పెద్దాయన మావాణ్ణి పిలిచి, “మన టీచరమ్మ గారి ప్రార్థనల ఫలం, తాగుడు నుండి సంపూర్ణ విడుదల పొందిన యవ్వనస్థుడు” అని పరిచయం చేశాడు. చప్పట్లు కొట్టారు. మావాడు మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“నేను విడుదల పొందలేదు. శనివారం తాగినాను.”

చప్పట్లు ఆగిపోయాయి.

“ఆయమ్మ పోయిందని తెలిసినాక తాగినాను. తాగి ఆయమ్మకే ఫోన్ చేసినాను. పోయిందని తెలుసు. అయినా చేసినాను. రింగవతానే ఉండాది. ఎవురూ ఎత్తలేదు.” మైకు నోటికి ఇంకా దగ్గరగా పట్టాడు. “మా అమ్మకి గూడా ఇప్పుడే తెలుస్తాండాది.”

నా రక్తమంతా తలకెక్కింది. శనివారమా! ఆ రోజు నేను వాడికి దోసెలు పోసి పెట్టాను, తలనొప్పి అంటే అమృతాంజనం రాశాను. లేచిపోయి చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కుర్చీ పట్టుకుని లేచాను కూడా. లేచినదాన్ని అక్కడే ఆగాను. వాడు పడ్డాడు. పడి, చెప్పాడు. పెద్దపంజాణి తల్లి తన కొడుకు నోటి నుంచి ఈ ఒక్క మాట వినడానికి ఏమైనా ఇచ్చి ఉండేది. ఆమెకు దొరకలేదు, నాకు దొరికింది. కళ్ళ వెంబడి నీళ్ళు అప్పుడు వచ్చాయి, టీచరమ్మ పోయిన తర్వాత మొదటిసారి.

పెద్దాయన మైకు కోసం చెయ్యి చాచాడు. “ప్రార్థించుకుందాం” అన్నాడు తొందరగా.

“ఒక్క నిమిషమయ్యా” అన్నాడు మావాడు. “గురువారం కూడిక ఆగదు. ఇంకమీద పుంగనూరులో, మా ఇంట్లో. పడినోళ్ళు రండి. మానినోళ్ళు గూడా రావచ్చు.”

మా ఇంట్లోనట! నన్ను అడిగాడా, వాళ్ళ నాన్నను అడిగాడా? టీచరమ్మ ఉంటే వాడు మైకు ముట్టుకున్నందుకు తిట్టేదో, మెచ్చుకునేదో నాకు తెలియదు. తిట్టే ఉంటుంది.

మైకు లాగేసుకున్నారు. అప్పుడు మధ్య వరుసలో ఒకామె లేచింది. కుప్పం నుంచి వచ్చేవాళ్ళలో చూసిన ముఖమే. పక్కన కూర్చున్న కొడుకు చొక్కా భుజం దగ్గర గట్టిగా పట్టుకుని ఉంది, వదిలితే పారిపోతాడన్నట్టు.

“పుంగనూర్లో యాడప్పా మీ ఇల్లు?”

మావాడి చేతిలో ఇప్పుడు మైకు లేదు. నేను ఎలాగూ నిలబడే ఉన్నాను. ముందు కుర్చీల దాకా వినపడేట్టు, ఉన్న కోపమంతా గొంతులో పెట్టి చెప్పాను.

“బస్టాండులో దిగి టైలరమ్మ ఇల్లని అడగండమ్మా, ఎవురైనా సెప్తారు. కూడిక అయిపోయినాక మీకు కుప్పం బస్సు దొరకదు. అన్నం మా ఇంట్లోనే, పడక మా ఇంట్లోనే. మీవాడు తాగి ఉన్నా సరే, పిల్సుకోని రండి.”

అంతవరకూ నేల చూపులు చూస్తున్న ఆ అబ్బాయి తల తిప్పి నా వైపు చూశాడు.