మగ్దలీనమ్మత్తా, ఏ ఆయన?

మా మగ్దలీనమ్మత్తకు దిగులుపడటం చేతకాదు. ఇంటి కప్పు కారినా, మేక తప్పిపోయినా ఆమెది ఒకటే మాట: "ఆయనకు చెప్పినా. ఆయన చూసుకుంటాడు."

చిక్కల్లా ఆ 'ఆయన' ఎవరన్నదే. చర్చికి పోయే మనిషి కాబట్టి పైనున్న ప్రభువు కావచ్చు. కానీ మా బేస్తవారిపేట పక్క ఆడవాళ్లు మొగుణ్ణి కూడా ఆయన అనే అంటారు. ఆమె మొగుడు, మోటార్ల మెకానిక్కు ఎజ్రా, పోయి మూడేళ్లయింది.

పోయినవాడు ఊరికే ఉంటే బాగుండేది. ఒకసారి అత్త వీధిలోనే ఉండే ఝాన్సీ ఇంట్లో మోటారు చెడిపోతే అత్త "ఆయనకు చెప్పినా" అంది. ఝాన్సీ కూలికి పోయి వచ్చేసరికి వాకిలికి వేసిన తాళం వేసినట్టే ఉంది, పెరట్లో మోటారు దానంతటదే తిరుగుతోంది. ఆ పిల్ల వారం రోజులు జ్వరంతో మూలిగింది. అప్పటినుంచి అత్త అరుగు మీదున్న ఎజ్రా కుర్చీని చూసి ఊరంతా తప్పుకుని నడిచేది. నేను మాత్రం భయపడలేదు. పక్క వీధిలోంచి పోయేవాణ్ణి, అంతే.

మొన్న మే నెలలో నా బోరు స్టార్టరు కాలిపోయింది. నాలుగేళ్లు పెంచిన బత్తాయి తోట, తొలి కాపు. మెకానిక్కేమో నాలుగు రోజులదాకా రాలేనన్నాడు. ఆ ఎండలకు అన్నాళ్లు నీళ్లు లేకపోతే తోట ఉండదు.

"ఆయనకు చెప్తాలే, నువ్వు పోయి నిద్రపో," అంది అత్త.

"ఎట్ల పడతది అత్తా నిద్ర?"

"ఆయన మేలుకోనుండాడు గదా. ఒక్క స్టార్టరుకు ఇద్దరు మేలుకోవాల్నా ఏంది?"

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం తోటకు పోయాను. చుట్టుపక్కల నరమానవుడు లేడు. కాకి కూడా అరవడం లేదు. మోటారు కొట్టంలోంచి మాత్రం ఠక్, ఠక్ మని స్పానరు చప్పుడు వస్తోంది. తొంగిచూశాను. అటు తిరిగి ఉన్న ఎజ్రా ఖాకీ చొక్కా. దాని పైన ఎజ్రా ఎర్ర తువ్వాలు.

పారిపోబోయి తలుపుకు తగులుకున్నాను. చొక్కా మెల్లగా నావైపు తిరిగింది. దాని కింద చీర కుచ్చిళ్లు కనిపించాయి.

"ఏంది నాగయ్యా, నిద్రపోలేదా?"

కూలికి పోయే ఆడవాళ్లంతా చీర మీద మొగుడి చొక్కా తొడుక్కునే ఊళ్లో పుట్టి, ఆ సంగతి నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్లు ఎజ్రాకు సామాన్లు అందించిన మనిషికి ఆ పని వచ్చే ఉంటుందనీ తట్టలేదు.

"మరి ఝాన్సీ ఇంటికి తాళం వేసుండె గదత్తా?"

"పెరటి గోడ పడిపోయి ఏడాదాయె. తాళం చూసినోళ్లు గోడ చూడరా?"

"నువ్వే చేస్తానని చెప్పొచ్చు గదా!"

"చెప్తే ఊరుకుంటారా? ఈ ముసల్దానికి కరెంటు కొడతదేమోనని ఇంకో దిగులు పెట్టుకుంటారు. ఉన్నది చాల్దా మీకు?"

"నీకు భయం లేదా?"

"ఎందుకుండదు? అందుకే ముందు ఆయనకు చెప్పి వస్తా."

బటన్ మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. నొక్కింది. ఏ చప్పుడూ లేదు. అప్పుడు భూమి అడుగునుంచి సన్నగా మూలుగు మొదలైంది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది.

ఊరంతా అడగడానికి జంకిన మాట అప్పుడు అడిగేశాను.

"ఇంతకీ ఏ ఆయనకు చెప్తావత్తా? ప్రభువుకా, మామకా?"

"ప్రభువుకే. మీ మామ ఇప్పుడుండేది ఆయన దగ్గరే గదా, ఇనకుండా ఉంటాడా?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "పో, ఇప్పుడన్నా పడుకో."

ఇంటిదాకా ఎందుకని అక్కడే బత్తాయి నీడన పడుకున్నాను. కాలువ నీళ్లు వచ్చి వీపు తడిపేదాకా మెలకువ రాలేదు.