నూనె పీల్చిన రొట్టె

ఇయొలాండా కాఫీ కొట్లో నిలబడే కాఫీ తాగుతుంది. చక్కెర పొట్లం చింపేముందు దాని మీద అచ్చేసిన ప్రకటన చదివి, పెదవి విరిచి, ఖాళీ పొట్లాన్ని మడిచి జేబులో వేసుకుంటుంది. లిస్బన్‌లో ప్రకటనల చదువులో ఆమెకిది ఆఖరి ఏడు. సార్డీన్ చేపల డబ్బాలమ్మే కంపెనీ క్లాసులో ఎవరి ప్రకటనను ఎంచుకుంటే వాళ్లకు ఉద్యోగం. ఆమె తీసిన చిత్రంలో చేప లేదు. జూన్ పండగకు వీధిలో చేపల్ని రొట్టెముక్క మీద పెట్టుకుని తింటారు. చేపలన్నీ అయ్యాక, నూనె పీల్చిన ఆ రొట్టెను ఆఖర్న తింటారు. ఆ రొట్టెనూ, దాని పక్కన ఆగిన తండ్రి చేతినీ మాత్రమే చూపించింది.

"చేపేదమ్మాయ్? పిల్లి ఎత్తుకుపోయిందా?" అన్నాడు మాస్టారు వాల్దెమార్. క్లాసంతా నవ్వింది. "రొట్టె చూస్తే మనవాళ్లకు తెలిసిపోతుంది సార్." "కొనేది టూరిస్టులు తల్లీ. సముద్రం పెట్టు, గిటారు పెట్టు, నల్లబట్టల్లో ఓ విధవరాలిని పెట్టు. అదీ పోర్చుగల్." "మనమంటే అంతేనా సార్?" "అమ్ముడుపోయేది అంతే." ఆమె రొట్టె చిత్రం తీసేసి, ఆయన చెప్పినవన్నీ పెట్టి కొత్తది తీసింది. నల్లశాలువా కప్పుకుని తల్లే విధవరాలిగా నిలబడింది. ఎదురుగా లైటు పట్టుకున్నది తండ్రి. ఉద్యోగం వచ్చింది. పండగ సాయంత్రం వీధిలో వేసిన బల్ల దగ్గర ఇయొలాండా చేపలు తిని, రొట్టెను పళ్లెం అంచుకు నెట్టింది. "ఏమే, దీనికోసమేగా చిన్నప్పుడు మీ నాన్నతో కొట్లాడేదానివి?" అంది తల్లి. "కడుపు నిండిందమ్మా." తండ్రి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి, తీసేసిన చిత్రంలో లాగే, రొట్టె పక్కన కాసేపు ఆగింది.