తోడికోడలి బుగ్గల ఎరుపు

మా మరిది పెళ్ళయి తోడికోడలు ఇంటికి వచ్చిన ఏడాదే మా ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. ఇద్దరికీ రక్తం తక్కువే. ఇద్దరికీ ఒకే రకం ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆమె అప్పట్లో ఎవరూ చూడకుండా పచ్చి బియ్యం నమిలేది. అదీ రక్తం లేకపోవడం వల్లేనట.

వర్షాకాలం దాటేసరికి ఆమె బుగ్గలు ఎరుపెక్కాయి. బియ్యం జోలికి పోవడం మానేసింది. తడిబట్టల బకెట్టు పట్టుకుని గబగబా మేడ ఎక్కేసేది. నేను సగం మెట్ల మీదే గోడ పట్టుకుని ఆగిపోయేదాన్ని. ఇద్దరం తినేది అదే చేపల పులుసు, మింగేది అవే మాత్రలు. నా కనురెప్ప కింద మాత్రం తెలుపు తగ్గలేదు.

"చిన్నదానికి బాగా ఒంటబట్టింది. నువ్వసలు మింగుతున్నావా, పారేస్తున్నావా?" అంది అత్తగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిమ్మరసంతో వేసుకోండక్కా, బాగా పనిచేస్తుంది" అని తోడికోడలు మంచిగా చెప్పినా ఎత్తిపొడిచినట్టే ఉండేది. ఆమె కూనిరాగం తీసినా అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని. పంతం కొద్దీ మాత్రలు రెట్టింపు వేసుకుంటే కడుపునొప్పి వచ్చింది, అంతే.

చివరికి ఆమే మా ఆయనకి చెప్పి, నన్ను భీమవరంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కొత్త పరీక్షలు చేయించి చూసింది.

"మీ ఒంట్లో ఐరన్ నిండుగానే ఉందండి. మీ ఎర్రకణాలు పుట్టుకతోనే చిన్నవి. తలసీమియా మైనర్ అంటారు. అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చి ఉంటుంది. భయం లేదు, ఆ మాత్రలు ఆపేయండి."

"మరి దీనికి మందేంటండీ?"

"మందు అక్కర్లేదండి. మీవారికి మాత్రం పరీక్ష చేయించండి. ఆయనకీ ఇదే ఉంటే పుట్టే పిల్లలకి ప్రమాదం."

బయటికి రాగానే తోడికోడలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె లోటుకి మందుంది, నాది నాతోపాటే పుట్టింది. ఆ క్షణంలో కూడా ఆమె మీద కుళ్ళే కలిగింది.

మా ఆయన రక్తంలో ఏ దోషమూ లేదని తేలిన రోజు అత్తగారు రొయ్యల వేపుడు చేసి మొదట నాకే వడ్డించింది. "తెలీక అన్నానే" అంది మెల్లగా.

ఇప్పుడు అలసటగా ఉంటే ఆ మాట పైకే చెప్పి కూర్చుంటున్నాను. మిగతా పని తోడికోడలు చేసుకుపోతుంది. ఆమెను చూస్తే మాత్రం ఇప్పటికీ లోపల కాస్త చురుక్కుమంటుంది.