సిస్టరమ్మ విప్పిన నూలు

మా వాడలో అందరూ సిస్టరమ్మ అని పిలిచే ఆమె పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. గుండె ఆగిందన్నారు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, మా వెనక సందులోనే ఉండేది. నాకు చుట్టం కాదు. కానీ నా భార్య ఇవాళ నా ఇంట్లో నిమ్మళంగా కూర్చుందంటే ఆమె వల్లే. ఈ మాట చెప్పకపోతే నేను మనిషినే కాదు.

నేను కొత్తవాడలో జంపఖానాలు నేసినవాణ్ణి. నా మగ్గానికి నలభై ఏళ్లు రాట్నం మీద నూలు కండెలు చుట్టింది నా భార్యే. మగ్గం ఆపేశాక కూడా పాత నూలు చుడుతూనే ఉండేది. మూడేళ్ల కింద మతిమరుపు జబ్బు వచ్చింది. నూలంతా చిక్కు చేస్తోందని రాట్నం తీసి అటక మీద పెట్టాను. అప్పటి నుంచి "కండెలు చుట్టాలె, పోతాన" అంటూ బయటికి పోసాగింది. తలుపుకు తాళం వేశాను. గద్దించాను. ఏడ్చేది.

ఆ ఏడుపు విని సిస్టరమ్మ వచ్చింది.

"అన్నా, తాళమెందుకేసినవ్?"

"తప్పిపోతది. నా పెండ్లాన్ని నేను సూసుకుంటాన. నీకెందుకు?"

"సూసుకునుడంటే గిదా? వదినె పని ఎతుక్కుంట పోతాంది. రాట్నం దించు."

"నూలంత కరాబ్ చేత్తది."

"చెయ్యనీ. ఇప్పుడు నువ్వేమన్న నేత్తానవా?"

రాట్నం దించాను, తాళం తీశాను. నా భార్య రాట్నం ముందు కూర్చుంది. తలుపు వైపు పోలేదు.

ఆ రోజు నుంచి చిక్కుపడ్డ నూలును సిస్టరమ్మ సంచిలో ఇంటికి తీసుకుపోయేది. విప్పి, మర్నాడు సాయంత్రం కొత్త నూలంటూ తెచ్చేది.

"గీ నూలు మంచిగ లేదే, ఎక్కడ తెచ్చినవ్?" అని నా భార్య కోప్పడేది.

"మీకు నూలిచ్చే షావుకారి దగ్గర్నే వదినె. రేపు మంచిది తెస్త."

"అబద్ధాలెందుకు చెల్లె?" అన్నాను ఒకసారి. నేను ముక్కుసూటి మనిషిని.

"ఆమెకు నిజంతోటి పనిలేదన్నా. పనితోటే పని," అంది.

ఆమె నోరు తక్కువది కాదు. మాసిన అంగీ వేసుకుంటే నన్నూ తిట్టేది. రోజూ ఒక గంట తనే నా భార్య దగ్గర కూర్చుని, నన్ను బయటికి వెళ్లగొట్టేది.

"పో, చాయ్ తాగి రా."

"చాయ్ ఇంట్ల లేదా?"

"చాయ్ కోసం గాదు. నువ్వు పడితే వదినెను ఎవలు లేపుతరు?"

మొదటిరోజు సందు చివర పది నిమిషాలు నిలబడి వచ్చేశాను. తర్వాత గంట తిరిగి వచ్చేవాణ్ణి. ఆ గంట తర్వాత నా భార్య మీద నా గొంతు లేచేది కాదు. ఈ సంగతి ఇదివరకు ఎవరికీ ఒప్పుకోలేదు.

సిస్టరమ్మ పోయిన మూడోరోజు వాళ్లాయన ఆ నూలు సంచి తెచ్చి ఇచ్చాడు. సగం నూలు విప్పి చుట్ట చుట్టి ఉంది. సగం చిక్కుగానే ఉంది.

సాయంత్రం నా భార్య అడిగింది. "షావుకారు నూలు పంపలేదా?"

సిస్టరమ్మ చచ్చిపోయిందని నోటి దాకా వచ్చింది.

"పంపిండు. జర చిక్కుంది, ఇప్పి ఇస్త," అన్నాను.

గడప మీద కూర్చున్నాను. నా కళ్లకు దారం కొస కనబడలేదు. నా భార్య వచ్చి వంగి, కొస లాగి నా చేతిలో పెట్టి, మళ్లీ రాట్నం ముందుకు పోయి కూర్చుంది. తలుపు తెరిచే ఉంది.