పెద్దనాయన వంతు

మడికొండలో మా ఇంటి వెనక కొత్తగా ఒక ప్రార్థనా మందిరం కట్టారు. ఆదివారం పొద్దున్నే మైకు మోగుతుంది. నిద్ర చెడగొడుతున్నారని మొదట్లో విసుక్కునేదాన్ని. ఒక ఆదివారం మాత్రం వంటింట్లో చిక్కుడుకాయలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "చేయి పట్టినవాడు యేసే, నడువుమో" అని పిల్లలు పాడుతున్నారు. ఒక చరణం పాడి ఆగారు. కాసేపు చప్పుడు లేదు. మళ్లీ అందుకున్నారు. ఆ ఆగడం వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డెబ్బైలలో మేం కాశిబుగ్గలో ఉండేవాళ్లం. మాదీ పక్కవాళ్లదీ నేత ఇళ్లే, మధ్యన ఒకటే గోడ. వాళ్లు క్రైస్తవులు. చుట్టరికమేమీ లేకపోయినా నాకు పెద్దమ్మ, పెద్దనాయన. ఆ పాట పుట్టింది ఆ ఇంట్లోనే. ఆయన మగ్గం మీద, ఆమె పక్కనే రాట్నం మీద నూలును కండెలకు చుడుతూ, ఇద్దరూ కలిసి కట్టుకున్న పాట. "చీకటాయెను, ఇల్లు ఎంత దూరమో?" అని అడగడం ఆయన వంతు, "చేయి పట్టినవాడు యేసే" అని జవాబివ్వడం ఆమె వంతు. మగ్గం చప్పుడే తాళం కాబట్టి పోగు తెగితే పాటా ఆగేది. ఆయన గొంతు బొంగురు. ప్రశ్నలడగడానికి తప్ప ఎందుకూ పనికిరాదని పెద్దమ్మే వెక్కిరించేది. మా నాయనమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతూ అదే పాట కూనిరాగం తీసేది. అమ్మ నవ్వితే, "పాట మంచిగున్నది. మన దేవుడేమన్న కోపం జేస్తడా?" అనేది.

ఎనభైలు మొదలయ్యేసరికి పెద్దనాయన ఛాతీ జబ్బుతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. వాళ్లకు పిల్లలు లేరు. తరువాతి ఆదివారం పెద్దమ్మకు తోడుగా నేనూ చర్చికి వెళ్లాను. ఆయన చరణాలు ఇంకెవరికైనా నేర్పమని సంఘ పెద్ద ఒకాయన అడిగాడు. పెద్దమ్మ కొంగు సర్దుకుని, "అయి ఆయన మాటలు. ఆయన వంతు వచ్చినప్పుడు జర ఆగుర్రి. గంతసేపు ఆగితే మనకేం పోతది?" అంది. పెద్దనాయన పాడేంతసేపు అందరూ తలలు వంచుకుని ఆగారు, తరువాత ఆమె జవాబు పాడింది. ఇక అదే అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పాటను అలాగే నేర్చుకుని తమ తమ ఊళ్లకు తీసుకుపోయారు.

ఇంట్లోనూ అంతే. పెద్దమ్మ ఖాళీ మగ్గం పక్కన కూర్చుని, కూలికి ఎవరెవరి కండెలో చుడుతూ సాయంత్రాలు పాడేది, ఆగేది, పాడేది. ఆమె ఆగినప్పుడల్లా గోడకు ఇవతల నేనూ చదవడం ఆపేదాన్ని. ఒకరోజు చదువుకుంటూ నాకు తెలియకుండానే "చీకటాయెను, ఇల్లు ఎంత దూరమో?" అని పైకే పాడేశాను. రాట్నం ఆగిపోయింది. చాలాసేపటికి, సన్నగా, జవాబు వచ్చింది. మర్నాడు నల్లా కింద బిందె పెడుతూ, నా వైపు చూడకుండానే, "నీ గొంతు అస్సలు మంచిగ లేదు బిడ్డా, మీ పెద్దనాయన లెక్కనే ఉన్నది. మాపటికి గూడ పాడు" అంది. నా పెళ్లయి వెళ్లిపోయేదాకా పాడాను. ఆ తరువాత ఆమె సాయంత్రాలు ఎలా గడిచాయో తలచుకోవడానికి నాకిప్పటికీ ధైర్యం చాలదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక గేటు దగ్గర ఒక అమ్మాయిని, పాట మధ్యలో ఎందుకాగుతారని అడిగాను. "అక్కడ సైలెంట్ ప్రేయర్ ఆంటీ. పాటనే అట్ల రాసిన్రట" అంది. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచి మానుకున్నాను. పెద్దమ్మ పోయి ఇన్నేళ్లయినా ఏ చర్చిలోనూ పెద్దనాయన వంతు ఎవరూ తీసుకోలేదు, ఆమె కోరుకున్నదీ అదే. ఇప్పుడు ప్రతి ఆదివారం మైకులో పాట ఆగగానే వంటింట్లో నేనే ఆ ప్రశ్న అందుకుంటాను. అన్ని గొంతులూ ఒక్కసారిగా జవాబు చెబుతాయి, నేను ఎదురుచూసే గొంతు తప్ప. ఇల్లు ఎంత దూరమో అని ఆ రోజుల్లో ఆమె కోసం అడిగేదాన్ని, ఈ వయసులో నా కోసమే అడుగుతున్నాను.